సున్నకట్టుకు భయపడ్డ మనిషి

మా మామ పోయిన రోజు చివరి చూపుకు వచ్చినవాళ్ళంతా ఆయన శుభ్రం గురించే చెప్పుకున్నారు. చావింట్లో నవ్వకూడదని తెలిసి కూడా నవ్వారు. కరెంటు మీటరు చూసే అతనైతే, "నేను గవర్నమెంటు మనిషినప్పా అన్నా వదల్లేదు మా. చెప్పులిప్పించి, ఆ బ్లీచింగ్ నీళ్ళ తొట్లో నిలబెట్టి, ఇంగ లోపలికి పో అన్నాడు. మీటరు చూస్తే బయట గోడకే ఉండాది!" అన్నాడు. పట్టుపురుగుల షెడ్డుకు పూజ చేయడానికి వచ్చిన అయ్యవారి చేత కాళ్ళు మూడుసార్లు కడిగించిన సంగతి ఇంకొకరు ఎత్తుకున్నారు. అంత శుద్ధమైన మనిషి ఇంగ పుట్టడని అందరూ ఒక మాట మీదికి వచ్చారు. నేను పక్కింటివాళ్ళు తెచ్చిన కాఫీ గ్లాసులు అందిస్తూ విన్నాను.

ఆయన్ని శుభ్రమైన మనిషి అనడానికి నాకు మనసొప్పదు. ఆయన భయస్తుడు. అంత భయం ఉన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నేను పుట్టి పెరిగింది కేజీఎఫ్‌లో, ఆండర్సన్‌పేటలో. మా తాత బంగారు గనిలో పనిచేసినవాడు. మా వీధిలో పెద్దవాళ్ళకు భయమంటే గనిలో బండ పగిలి భూమి అడుగు నుంచి పెద్ద చప్పుడుతో వచ్చేది. పెళ్ళి చేసుకుని క్యాసంబళ్ళి పక్కన ఈ ఊరికి వచ్చాక ఇంకో రకం భయం చూశాను. అది చప్పుడు చేయదు. కంటికి కూడా ఆనదు. చెప్పు అడుగున, తువ్వాలు మడతలో, వేలి గోటి కింద కూర్చుని వస్తుంది.

మామ పట్టుపురుగులు పెంచేవాడు. ఇంటి వెనక మల్బరీ తోట, తోట అంచున షెడ్డు, షెడ్డు గడప ముందు ఆ నీళ్ళ తొట్టి. లోపలికి వేరే పంచె, వేరే చెప్పులు. మనుషుల మీద కసురుకునే మనిషి, పురుగుల దగ్గరికి పోతే గొంతు తగ్గించి "తినండి అమ్మల్లారా, తినండి" అనేవాడు. మా అత్త తలలో మల్లెపూలు పెట్టుకుని గడప తొక్కితే ఆ వాసన పడదని వెనక్కి పంపేవాడు. "నాకంటే ఆ పురుగులే నీ పెళ్ళాలు" అని అత్త మూతి తిప్పుకునేది. ఆయన నవ్వేవాడు కాదు.

ఆయన భయమంతా సున్నకట్టు గురించి. అది పురుగులకు వచ్చే బూజు రోగం. ముసురు పట్టి చలి ఎక్కువైన రోజుల్లో వస్తుంది. నిన్న ఆకు తిన్న పురుగు ఇవాళ తట్టలో సుద్దముక్కలాగా బిగుసుకుని ఉంటుంది. దాని మీది తెల్ల పొడి రేగి పక్కవాటి మీద పడిందంటే అవీ అంతే. షెడ్డు లోపల ఆ పేరు ఎవరూ ఎత్తకూడదని ఆయన నియమం. తట్టలో అది కనబడితే నోరు తెరవకుండా బయటకు వచ్చి, బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాసి చూపించేవాడు. బడిలో పాఠం చెబుతూ నేను సుద్దముక్క పట్టుకున్నాక వేళ్ళు దులుపుకుంటానే, అట్లా. అది చూడగానే అత్త పరుగున పోయి రోగం పురుగులను కాల్చే గుంటలో పుల్లలు పేర్చేది.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే ఒకసారి అట్లా జరిగింది. ఆయన పుల్లతో ఒక్కొక్క పురుగునూ ఏరి రేకు డబ్బాలో వేస్తున్నాడు. వాటి మధ్య ఒకటి తల ఎత్తి అటూ ఇటూ ఊపుతోంది.

"మామా, అది బతికే ఉంది" అన్నాను.

"బతికే ఉండాది. అయినా తీయాల్సిందే మా. జాలి పడితిమా, ఇంగ షెడ్డే ఉండదు." నా వైపు చూడకుండానే ఈ మాట అని డబ్బా మూత పెట్టి గుంట దగ్గరికి నడిచాడు.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. కాన్పుకని ఆండర్సన్‌పేటలో అమ్మ దగ్గర ఉన్నప్పుడు ఉన్నట్టుండి నొప్పులు వచ్చాయి. అక్కడి ఆసుపత్రివాళ్ళు చూసి కోలారుకు తీసుకుపొమ్మన్నారు. కాన్పు అయితే అయింది గానీ, బిడ్డ నా అరచేతిలో పట్టేంత ఉంది. చర్మం ఉల్లిపొర. ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోతూ ఉండేది. గాజు పెట్టెలో పెట్టి, ముక్కుకు గొట్టం, బొడ్డు దగ్గర సన్నని పైపు పెట్టారు. పాలు అరగవు కాబట్టి తిండి కూడా ఆ పైపులోనే పోవాలన్నారు.

కబురు అందగానే మామ ఉన్నపాటున బస్సెక్కి వచ్చాడు. నర్సు చెప్పినట్టు చేతులు కడుక్కుని, పెట్టె పక్కన ఉండే గుండ్రటి కిటికీలో చెయ్యి పెట్టి, ఒక్క వేలితో పాప అరికాలు తాకాడు. బయటకు వచ్చి "మీ అత్తకు ఎప్పుడు చూపిద్దునా అని ఉండాది. దీని కాలు పట్టుపురుగు మాదిరి మెత్తగా ఉండాది మా" అన్నాడు. ఆ రోజు ఆయన మొహం నాకు బాగా గుర్తుంది. తర్వాత ఆయన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఏదో ఇన్ఫెక్షన్ ఉందేమోనని యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నారు. పాలు కొద్దికొద్దిగా అలవాటు చేద్దామన్నాక, నేను పాలు పిండి చిన్న గిన్నెలో నర్సుకు ఇచ్చేదాన్ని, ఆమె చుక్క చుక్కగా గొట్టంలో వేసేది. ఉన్నట్టుండి పాప ఆ చుక్కలు కూడా వద్దంది. పొట్ట ఉబ్బింది. ఊపిరి మాటిమాటికీ ఆగిపోవడం, మిషను కూయడం, నర్సు పరుగెత్తి వచ్చి పాప వీపు తట్టడం. నేను అద్దం బయట నిలబడి, ఆ కూత ఆగేదాకా ఊపిరి బిగబట్టుకునేదాన్ని. రక్తం పరీక్షకు పంపారు. ఫలితం వచ్చినరోజు డాక్టరమ్మ మమ్మల్ని వరండాలోకి పిలిచింది. నేను, మా ఆయన, మామ.

"రక్తంలో ఫంగస్ పెరిగింది" అందామె.

"ఫంగస్ అంటే?" అన్నాడు మా ఆయన.

"బూజు జాతిది. మన ఒంటి మీద, నోట్లో మామూలుగా ఉండేదే. మనల్ని ఏమీ చేయదు. ఇంత చిన్న బిడ్డలకు తట్టుకునే శక్తి ఉండదు. పైపుల దారిలో రక్తంలోకి పోతుంది. ఆ పైపు తీసేస్తున్నాం. మందు మొదలుపెడతాం. మెదడుకు, కళ్ళకు, కిడ్నీలకు పాకిందేమో చూడాలి." ఆమె చేతిలోని కాగితం మడిచి, "ఇది చిన్న విషయమని నేను చెప్పలేను. గట్టిగా ఉండండి" అంది.

నేను పాప ఉన్న గది వైపు పరుగెత్తబోయాను. మా ఆయన నన్ను పట్టుకున్నాడు. ఆ సందట్లో మామను ఎవరూ గమనించలేదు. నేను తల తిప్పేసరికి ఆయన వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుని ఉన్నాడు. బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటున్నాయి. భుజం మీది తువ్వాలును చూసుకున్నాడు. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, ఒంటికి దూరంగా పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. టీ తాగడానికి పోయాడనుకున్నాం.

మరునాడు అత్త ఫోన్ చేసి ఏడ్చింది. ఆయన ఇంటికి పోయి షెడ్డులో ఉన్న తట్టలన్నీ గుంటలోకి మోశాడట. గూడు కట్టడానికి వచ్చిన పురుగులు. రోగం తగిలినవి ఒక మూల తట్టలోనే, మిగతావన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. అత్త అడ్డం పడితే ఆమెను పక్కకు నెట్టి నిప్పు పెట్టాడట. తువ్వాలూ, పంచే, చొక్కా అదే మంటలో వేశాడట. "మీ మామకు మతి పోయింది మా" అంది అత్త. అప్పుడు నాకు అర్థమైంది. పాప పుట్టిన కబురు వచ్చేసరికి ఆయన షెడ్డులో సున్నకట్టు పురుగులు ఏరుతున్నాడట. ఆసుపత్రిలో చేతులు కడుక్కున్నాడు గానీ తువ్వాలు మార్చుకోలేదు, ఆ తువ్వాలుకే తుడుచుకుని పాపను తాకాడు.

ఆ సాయంత్రమే ఆయన మళ్ళీ కోలారు వచ్చాడు, కానీ ఆసుపత్రి లోపలికి అడుగు పెట్టలేదు. రోడ్డుకు అవతల కొబ్బరిబోండాల ఎళనీరు అమ్మే బండి పక్కన నిలబడ్డాడు. తల్లుల గది కిటికీలోంచి నాకు కనబడేవాడు. ఎండైనా చినుకైనా అక్కడే. భుజం మీద తువ్వాలు లేదు. చేతులు రెండూ ఒంటికి తగలకుండా కాస్త ఎడంగా పెట్టుకుని నిలబడేవాడు.

ఒకరోజు చెవులకు గుడ్డ కట్టుకుని నేనే కిందికి దిగాను. నేను రోడ్డు దాటడం చూసి ఆయన చెయ్యెత్తి అరిచాడు.

"ఆడే ఉండు తల్లీ! దగ్గరకు రావద్దు. నువ్వు పాలిచ్చేదానివి."

"మామా, లోపలికి రా. పాపను చూసుకో."

"నేను తెచ్చినా మా దాన్ని. నా గుడ్డలో వచ్చింది. ఈ వేలితోనే తాకినా." ఆ వేలిని వేరేవాళ్ళదైనట్టు చూశాడు. "బిడ్డ ఎట్లుండాది? తెల్లబడిందా? ఒళ్ళు బిగుసుకుందా?"

"అట్లాంటిదేమీ లేదు" అన్నాను.

ఆయన నమ్మలేదు. గొంతు బాగా తగ్గించి, షెడ్డులో మాట్లాడినట్టు, "ఒక మాట అడుగుతా, దాచద్దు. లోపల ఇంగా బిడ్డలు ఉండారు గదా. ఏరేస్తారా మా?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "మనుషులను ఎవరు ఏరేస్తారు మామా!" అని గట్టిగా కసిరాను. కసిరి వెనక్కి తిరిగి, మెట్లు ఎట్లా ఎక్కానో నాకే తెలియదు. పైకి పోయి చూస్తే మా పాప పెట్టె రోజూ ఉండే చోట లేదు.

చివరన ఉన్న చిన్న గదిలోకి మార్చారు. ఇంకో బిడ్డకు సోకకుండా విడిగా పెట్టామని, ఒక నర్సు ఎప్పుడూ అక్కడే ఉంటుందని ఓపిగ్గా చెప్పారు. వాళ్ళు చెప్పింది నిజమే. కానీ ఆ ఖాళీ చోటు చూసిన క్షణంలో నేను వేసిన కేక ఆ అంతస్తంతా వినబడిందట. ఆ రోజు నుంచి మామ భయం నాకు అంటుకుంది. అద్దంలోంచి పాపను చూస్తూ, నిన్నటికంటే తెల్లబడిందా, వేళ్ళు బిగుసుకున్నాయా అని వెతికేదాన్ని. లోపలికి పంపినప్పుడు ముందుగా మోకాలు మెల్లగా వంచి చూసేదాన్ని. వంగితే ఏడుపు వచ్చేది. డాక్టరమ్మ కిడ్నీల గురించి చెబుతున్నా, మెదడు స్కానింగ్ గురించి చెబుతున్నా నా ధ్యాసంతా ఆ మోకాలి మీదే ఉండేది. బిడ్డ బతుకుతుందా లేదా అని నోరు తెరిచి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మందు మెల్లగా పనిచేసింది. ముందు మిషను కూతలు తగ్గాయి. తర్వాత పొట్ట మెత్తబడింది. రక్తం మళ్ళీ మళ్ళీ పరీక్షకు పంపారు. ఫంగస్ లేదని ఒకసారి వచ్చింది, ఇంకోసారి కూడా అదే వచ్చింది. అయినా చాలా రోజులు మందు ఆపలేదు. మెదడుకు, కళ్ళకు, కిడ్నీలకు ఏమీ కాలేదన్నారు. పాప పాలు తాగి తాగి, చివరికి ఏడవడానికి సరిపడా గొంతు తెచ్చుకుంది. ఆ ఏడుపు విని నర్సులు కూడా నవ్వారు.

ఇంటికి పంపే రోజు నేను డాక్టరమ్మ కాళ్ళావేళ్ళా పడి, ఎళనీరు బండి దగ్గరికి రమ్మన్నాను. ఆమె వచ్చింది. నేను పాపను ఎత్తుకుని రోడ్డుకు ఇవతలి గట్టునే నిలబడ్డాను, ఎందుకంటే మామ అంతకంటే దగ్గరికి రానివ్వడు.

"తాతా, మీ పురుగులకు వచ్చే బూజు వేరే, ఇది వేరే" అందామె. "ల్యాబులో ఏ జాతిదో చూశారు. మీ షెడ్డు నుంచి రాలేదు. మీరు తేలేదు."

ఆయన చేతులు జోడించి బుద్ధిగా విన్నాడు. విని, "అట్లయితే ఎవురు తెచ్చినారమ్మా?" అని అడిగాడు.

"ఫలానావాళ్ళు తెచ్చారని చెప్పలేం. మేమంతా ఎంత కడుక్కున్నా, మాలో ఎవరి చేతి నుంచైనా పోయి ఉండొచ్చు. బిడ్డ ఒంటి మీదే ఉండి ఉండొచ్చు."

"అట్లనొద్దు తల్లీ. మీరు బతికించినోళ్ళు." ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎవురూ తేకుండా అది లోపలికి రాదు. నాకు తెలుసు."

డాక్టరమ్మ ఇంకోసారి మొదటి నుంచీ చెప్పింది. ఆయన ఇంకోసారి దండం పెట్టాడు. ఆ మొండితనం చూసి ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. చాలా ఏళ్ళకు గానీ ఆయన లెక్క నాకు అందలేదు. తానే తెచ్చాడనుకుంటే, తాను దూరంగా ఉంటే చాలు, బిడ్డ క్షేమం. ఎవరూ తేలేదంటే ఇంక దేన్ని దూరం పెట్టాలి, ఏ గడప ముందు నీళ్ళు పొయ్యాలి? ఆ మాట ఒప్పుకుని బతకడం ఆయన వల్ల కాలేదు.

ఆ తర్వాత ఆయన పురుగులు పెంచలేదు. మల్బరీ పీకేసి టమాటా వేశాడు. ఖాళీ షెడ్డును కాల్చినంత పని చేసి, కడిగి, సున్నం కొట్టి, తన మంచం అందులో వేసుకున్నాడు. ఇంట్లోకి వచ్చేవాడు కాదు. చేతులు కడిగాక గుడ్డతో తుడుచుకోవడం మానేశాడు. నీళ్ళు ఆరేదాకా వాటిని గాలిలో అట్లాగే పట్టుకుని తిరిగేవాడు. "పిశాచం పట్టినోడి మాదిరి ఏంది ఆ నడక" అని అత్త తిడితే, "గుడ్డలో ఏముండాదో నీకు తెలుసునా?" అనేవాడు.

పాపను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ప్రేమ లేక కాదు. దోరజామకాయ దొరికితే కడిగి పిట్టగోడ మీద పెట్టి, పది అడుగులు వెనక్కి పోయి "తీసుకో బంగారూ" అనేవాడు. అది తీసుకునేదాకా చూసి, తిన్నాక మళ్ళీ చూసి, ఆ సాయంత్రం "ఒళ్ళు వెచ్చగా లేదు గదా మా?" అని కిటికీ బయట నుంచి నన్ను అడిగేవాడు. పాప బొమ్మలు గీయడం నేర్చాక తానూ అదే గోడ మీద పెట్టి, పైన రాయి ఉంచి, వెనక్కి పరుగెత్తేది. తాతలంటే అందరూ అట్లాగే ఉంటారనుకుంది. బడికి పోయి మిగతా పిల్లల తాతలను చూశాక ఒకటి రెండుసార్లు అడిగింది. తాతకు నడుము నొప్పి అన్నాను. సరేనంది.

మొన్న ముసురులో ఆయనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కేజీఎఫ్‌లో ఆసుపత్రిలో చేర్చాం. పాపను చూడాలని ఆయన అడగలేదు. పాపే తాతను చూస్తానని పట్టుబట్టింది. మధ్యాహ్నం చూడ్డానికి వదిలే సమయంలో తీసుకుపోయాను. మంచానికి దూరంగా, పిట్టగోడ దగ్గర ఆయన ఎంత దూరం జరిగేవాడో అంత దూరంలో, తనంతట తానే ఆగిపోయింది. రెండు చేతులూ ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూపించింది.

"సబ్బుతో కడుక్కున్నా తాతా. గోళ్ళు గూడా తీసుకున్నా. ఇప్పుడన్నా నన్ను పట్టుకుంటావా?"

"నీ చేతులకేమయ్యింది బంగారూ?" అన్నాడాయన ఆయాసపడుతూ.

"నా చేతులు మంచివి కావనే గదా నువ్వు దూరంగా పోతావు."

ఆయన నా వైపు చూశాడు. ఎనిమిదేళ్ళ బిడ్డ లోలోపల అట్లా అనుకుంటూ ఉందని నాకూ తెలియదు. నెమ్ముతో నిండిన గుండెలోంచి ఏదో శబ్దం వచ్చింది ఆయనకు.

"నీవి కాదమ్మా. నావి. నావే మంచివి కావు."

మంచం కడ్డీకి చేతులు శుభ్రం చేసుకునే మందు సీసా తగిలించి ఉంది. పాప దాన్ని రెండుసార్లు నొక్కి, దుప్పటి కింద దాచుకున్న ఆయన చెయ్యి బయటకు లాగి, వేళ్ళ సందులన్నీ రుద్దింది. "ఇంగ మంచివే" అంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, సూది వేస్తున్నప్పుడు మూసుకున్నట్టు. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నేను పోదాం రా అనేదాకా పాప దాన్ని అట్లాగే పట్టుకుని బడి కబుర్లు చెప్పింది.

ఆ వారంలోనే ఆయన పోయాడు.

కర్మలన్నీ అయిన మరునాటి మధ్యాహ్నం పాప అన్నం వద్దని పడుకుంది. నుదురు మీద చెయ్యి వేసి చూస్తే వెచ్చగా ఉంది. ముక్కు కారుతోంది. బడిలో సగం మంది పిల్లలకు జలుబు. అదంతా నాకు తెలుసు. పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పేదాన్ని. డాక్టరమ్మ రెండుసార్లు చెప్పిన మాటలు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. అయినా నా కళ్ళ ముందుకు వచ్చింది ఆ ఆసుపత్రి మంచం మీద పాప పట్టుకున్న చెయ్యి. ఎవరు తెచ్చినారు అని ఎవరో పక్కన నిలబడి అడుగుతున్నట్టే ఉంది. పాప మోకాలు వంచి చూశాను. వంగింది.

"అమ్మా, ఇట్లా నా దగ్గర పండుకో" అంది పాప.

వస్తున్నా అని లేచి, ముందు చేతులు కడుక్కోవడానికి పోయాను.